భూమి ఎక్కడ కదిలింది? ఎంత కదిలింది?

మా మామ్మ కొబ్బరితోటలోని లైను ఇంటి అరుగు మీద కూర్చుని మాకు ఒక కథ చెప్పేది. ఈ భూమినంతా ఆదిశేషుడు తన వేయి పడగల మీద మోస్తున్నాడట. ఒక పడగ నొప్పి పెట్టినప్పుడు బరువును మరొక పడగ మీదికి మార్చుకుంటాడట. అప్పుడు భూమి అదురుతుందట. ఈ కథను ఆమె తన తల్లి దగ్గర విన్నది. ఓడెక్కి మలయాకు వచ్చిననాడు మూటాముల్లెతో పాటు వెంట తెచ్చుకున్నది. మన మలేషియా ద్వీపకల్పంలో భూమి అదరడం బహు అరుదు. అందువల్ల ఆ కథ మాకు కథగానే మిగిలిపోయింది.

2004 డిసెంబరు 26 ఆదివారం నాడు అది కథ కాదని తెలిసింది. ఉదయం తొమ్మిది గంటలు కావస్తుండగా పినాంగ్‌లో ఎత్తయిన మేడలు ఊగినాయి. సముద్రతీరం దగ్గర మేడలో నివసించే మన తెలుగావిడ ఒకరు మాకు టెలిఫోను చేశారు. "మాస్టారూ, గోడనున్న దేముడి పటం ఊగింది, దీపం ఊగింది. పిల్లలు మధ్యాహ్నం బీచికి వెళతామంటున్నారు. వెళ్ళనియ్యవచ్చునా?" అని అడిగారు. భూకంపం సుమత్రా దగ్గర వచ్చిందని అప్పటికి మేము విని ఉన్నాము. బడిలో భూగోళం చెప్పినవారము కనుక ధైర్యంగా జవాబిచ్చాము. "అది చాలా దూరంలో వచ్చిందమ్మా, మనకేమీ భయం లేదు" అన్నాము.

మధ్యాహ్నం ఒంటిగంట దాటిన తరువాత సముద్రం పినాంగ్ తీరం మీదికి వచ్చింది. ఆవిడ బిడ్డలు ఆ సమయానికి తినుబండారాలు కొనుక్కోవడానికి రోడ్డు మీదికి వచ్చి ఉన్నారు. అందువల్ల బ్రతికినారు. ఆవిడ ఈనాటి వరకు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆనాడు మన దేశంలో 68 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పినాంగ్ వారే.

మా జవాబు ఎక్కడ తప్పింది? భూకంపం ఎక్కడ వచ్చిందో శాస్త్రజ్ఞులు ఎలా కనుగొంటారు? అది ఎంత పెద్దదో ఎలా కొలుస్తారు? ఆ తరువాతి సంవత్సరాలలో మేము ఈ సంగతులను ఓపికగా చదువుకున్నాము. తెలుసుకున్నంత వరకు మనవారికి చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాము.

పూర్వులు ఏమనుకున్నారు?

భూకంపాల గురించి ఆలోచించని జాతి లేదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూకంపాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. సముద్రంలోని మహాజంతువుల కదలిక వల్ల భూమి కంపిస్తుందని కొందరు పెద్దల మతమనీ, భూమిని మోసే దిగ్గజాలు అలసి విడిచే నిట్టూర్పు వల్ల అని మరికొందరి మతమనీ, గాలులు ఒకదానినొకటి ఢీకొనడం వల్ల అని ఇంకొందరి మతమనీ ఆయన చెప్పాడు. మా మామ్మ కథ కూడా ఈ కుటుంబానికి చెందినదే.

మన ఇరుగుపొరుగున ఉన్న చీనావారి పూర్వులు మరొక దారి పట్టారు. క్రీస్తుశకం 132లో చాంగ్ హెంగ్ అనే పండితుడు ఒక కంచు పాత్రను తయారుచేశాడు. దాని చుట్టూ ఎనిమిది దిక్కులకు ఎనిమిది డ్రాగన్ తలలు, ఒక్కొక్కదాని నోట ఒక కంచు గుండు, క్రింద నోరు తెరచుకుని ఒక్కొక్క కప్ప ఉండేవి. భూమి కదిలితే ఒక డ్రాగన్ నోటి నుండి గుండు కప్ప నోటిలో పడేది. ఏ దిక్కున భూకంపం వచ్చిందో దానివల్ల తెలిసేదట. దిక్కు తెలిసినా దూరం తెలియదు. ఎంత పెద్దదో తెలియదు. అయినా భూమి కదలికను ఒక వస్తువు చేత చెప్పించాలన్న ఆలోచన గొప్పది.

1857లో ఇటలీ దక్షిణ భాగంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు రాబర్ట్ మాలెట్ అనే ఐరిష్ ఇంజనీరు అక్కడికి వెళ్ళాడు. కూలిన గోడలు ఏ వైపుకు కూలినాయో, పగుళ్ళు ఏ వాటంగా ఉన్నాయో ఊరూరా తిరిగి వ్రాసుకున్నాడు. ఆ గీతలన్నీ వెనుకకు పొడిగించి, అవి కలిసే చోటును భూకంప స్థానంగా గుర్తించాడు. యంత్రం లేకుండా చోటును వెదకిన తొలి శాస్త్రీయ ప్రయత్నాలలో ఇది ఒకటి.

యంత్రం వచ్చింది

1880లో జపానులోని యొకొహామాలో భూకంపం వచ్చింది. అప్పుడు టోకియోలో పాఠాలు చెబుతున్న జాన్ మిల్న్ అనే ఆంగ్లేయుడు తన తోటి ఆచార్యులతో కలిసి ఈ శాస్త్రానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. భూకంపలేఖినులను తయారుచేయడంలో వారు ముందడుగు వేశారు.

ఆ యంత్రంలోని కిటుకు తేలికగానే ఉంటుంది. ఒక బరువైన గుండును వ్రేలాడదీస్తారు. భూమి కదిలినప్పుడు యంత్రపు చట్రం కూడా భూమితో కదులుతుంది. గుండు మాత్రం తన బరువు వల్ల ఉన్నచోటనే ఉండిపోవడానికి చూస్తుంది. బస్సు హఠాత్తుగా కదిలినప్పుడు నిలుచున్నవాడు వెనుకకు తూలుతాడు కదా, అదే సూత్రం. గుండుకు ఒక కలం కట్టి, తిరిగే కాగితపు చుట్ట మీద ఆనిస్తే భూమి కదలిక గీతగా పడుతుంది. ప్రక్కనే గడియారపు గుర్తులు కూడా పడతాయి. ఈ గడియారపు గుర్తులే అసలు ప్రాణం. అది ఎందుకో ముందు చూస్తాము.

1889లో ఒక ఆశ్చర్యం జరిగింది. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఒక సున్నితమైన యంత్రం గీసిన గీతలో అకారణంగా ఒక అలజడి కనిపించింది. అదే రోజున జపానులో భూకంపం వచ్చిందని తరువాత తెలిసింది. ఒక దేశంలో భూమి కదిలితే ఆ వార్తను భూమియే మోసుకుపోయి మరొక ఖండంలో చెబుతున్నదన్నమాట! అప్పటి నుండి ప్రపంచమంతటా యంత్రాలు నెలకొల్పే పని మొదలైంది. మిల్న్ స్వదేశానికి తిరిగి వెళ్ళి, అనేక దేశాలలోని కేంద్రాల లెక్కలను ఒకచోటికి తెప్పించుకుని కూర్చాడు.

1897 జూన్ 12న అస్సాంలో మహాభూకంపం వచ్చింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో ఉద్యోగి అయిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ దానిని గురించి పెద్ద నివేదిక వ్రాశాడు. దూరదేశాల యంత్రాలు గీసిన గీతలను పరిశీలించి, అలజడి ఒక్కసారిగా రావడం లేదని, మూడు దశలలో వస్తున్నదని 1900 నాటికి తేల్చి చెప్పాడు. మొదట వచ్చేది పి తరంగం. రెండవది ఎస్ తరంగం. ఆ తరువాత భూమి పైపొరను పట్టుకుని నిదానంగా వచ్చేవి ఉపరితల తరంగాలు. భారతభూమి మీద జరిగిన ఈ పరిశీలన ప్రపంచ విజ్ఞానానికే పునాదిరాయి అయింది.

చోటు ఎలా తెలుస్తుంది?

పి తరంగం నేలను ముందుకు వెనుకకు నొక్కుతూ పోతుంది. ఎస్ తరంగం నేలను అడ్డంగా ఊపుతూ పోతుంది. ఒకటి వేగంగా పోయేది, రెండవది నిదానంగా పోయేది. భూమి పైపొరలో పి వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ వేగం సుమారు మూడున్నర కిలోమీటర్లు.

మా సాయంకాలపు తరగతి పిల్లలకు మేము ఇలా చెబుతాము. ఒక ఊరి నుండి ఒక కారు, ఒక లారీ ఒకే క్షణంలో బయలుదేరాయి. కారు గంటకు 80 కిలోమీటర్లు, లారీ గంటకు 40 కిలోమీటర్లు పోతున్నాయి. మీరు దారిలో నిలుచున్నారు. కారు వచ్చిన గంటకు లారీ వచ్చింది. ఆ ఊరు మీకు ఎంత దూరం? 80 కిలోమీటర్లు. రెండు గంటల తేడాతో వస్తే? 160 కిలోమీటర్లు. ఎప్పుడు బయలుదేరాయో మీరు చూడలేదు. అయినా రెండింటి మధ్య తేడాను బట్టి దూరం చెప్పగలిగారు. భూకంపలేఖిని చేసే పని ఇదే. పి వచ్చిన తరువాత ఎన్ని సెకన్లకు ఎస్ వచ్చిందో చూస్తారు. దగ్గరి భూకంపాలకు ఆ సెకన్లను 8తో గుణిస్తే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. దూరపు భూకంపాలకు తరంగాలు భూగర్భంలో లోతుగా, వేగం మార్చుకుంటూ ప్రయాణిస్తాయి. కనుక వాటికి ముందుగా సిద్ధం చేసుకున్న పట్టికలను వాడతారు.

దూరం తెలిసింది సరే, దిక్కో? ఒక కేంద్రం "నాకు 500 కిలోమీటర్లు" అంటే, ఆ కేంద్రం చుట్టూ అంత దూరంలో గీసిన వృత్తం మీద ఎక్కడైనా కావచ్చును. రెండవ కేంద్రం తన దూరం చెబితే రెండవ వృత్తం గీస్తారు. రెండు వృత్తాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి. మూడవ కేంద్రపు వృత్తం ఆ రెండింటిలో ఒకదాని మీదుగా పోతుంది. అదే భూకంప కేంద్రం. నేలలోపల నిజంగా రాయి పగిలిన చోటును నాభి అంటారు. దానికి సరిగా పైన నేల మీద ఉన్న బిందువే మనం పటంలో చూసే భూకంప కేంద్రం.

ఒక్క కేంద్రం సాక్ష్యం చాలదు, ముగ్గురు కావాలి. ముగ్గురి గడియారాలూ కలవాలి. పూర్వం పటం మీద కంపాసుతో గీసినదానిని ఇప్పుడు గణకయంత్రాలు వందలాది కేంద్రాల లెక్కలతో నిమిషాలలో చేస్తాయి. మన దేశంలో ఇపో, కులిమ్ మొదలైన చోట్ల ఉన్న కేంద్రాలు కూడా ఈ సాక్షులలో చేరతాయి. 2004లో చోటు విషయంలో పొరపాటు జరగలేదు. సుమత్రా ఉత్తర భాగానికి పడమట, సముద్రగర్భంలో, సుమారు 30 కిలోమీటర్ల లోతున అని త్వరగానే తెలిసింది. పినాంగ్‌కు అది సుమారు 530 కిలోమీటర్ల దూరం.

ఎంత పెద్దది?

ఇక కొలత సంగతి. 1902లో ఇటలీకి చెందిన మెర్కల్లీ ఒక పద్ధతి పెట్టాడు. తరువాత దానిని 12 మెట్లుగా చేశారు. పటాలు ఊగినాయా, గోడలు బీటలిచ్చాయా, ఇళ్ళు కూలినాయా అని చూచి మెట్టు నిర్ణయిస్తారు. ఇది తీవ్రత. ఇది ఊరూరికి మారుతుంది. ఒకే భూకంపానికి దగ్గరి ఊరిలో తొమ్మిదవ మెట్టు, దూరపు ఊరిలో మూడవ మెట్టు కావచ్చును.

1935లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ వేరొక మార్గం చూపాడు. భూకంపానికంతటికీ కలిపి ఒకే అంకె ఉండాలని ఆయన కోరిక. నక్షత్రాల కాంతిని ఖగోళశాస్త్రజ్ఞులు ఒక అంకెతో చెప్పడం ఆయనకు స్ఫూర్తి. భూకంప కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో ఒక నిర్ణీత రకం యంత్రపు సూది ఒక మిల్లీమీటరు కదిలితే ఆ భూకంపం పరిమాణం 3. పది మిల్లీమీటర్లు కదిలితే 4. వంద మిల్లీమీటర్లు కదిలితే 5. ఒక అంకె పెరిగితే సూది కదలిక పదిరెట్లు అవుతుంది. బయటపడే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది. రెండు అంకెలు పెరిగితే శక్తి వెయ్యిరెట్లు. ఈ పద్ధతిని పెంచి పెద్దచేయడంలో బెనో గూటెన్‌బర్గ్ కృషి ఎంతో ఉన్నది.

తెలుగు పత్రికలలో "తీవ్రత 6" అని వ్రాసినప్పుడు వారు చెబుతున్నది ఈ పరిమాణాన్నే. విద్యుద్దీపం ఎన్ని వాట్లది అన్నది పరిమాణం. మీ పుస్తకం మీద ఎంత వెలుగు పడింది అన్నది తీవ్రత. దీపం ఒకటే, వెలుగు మాత్రం కూర్చున్న చోటును బట్టి మారుతుంది.

కొలబద్ద చాలలేదు

రిక్టర్ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. జ్వరం చూచే థర్మామీటరు 42 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. దానిని మరిగే నీటిలో పెట్టితే 42 కంటే ఎక్కువ చెప్పలేదు. అలాగే రిక్టర్ పద్ధతి, దాని తరువాత ఉపరితల తరంగాలతో కొలిచిన పద్ధతి చాలా పెద్ద భూకంపాల దగ్గర ఆగిపోతాయి. కారణం ఏమిటంటే అవి చూచేది పొట్టి తరంగాలను. మహాభూకంపంలో వందల కిలోమీటర్ల పొడవున నేల పగులుతుంది. దాని శక్తి ఎక్కువగా బహు నిదానంగా ఊగే పొడుగు తరంగాలలో ఉంటుంది.

1977లో హిరూ కనమోరి అనే జపాను శాస్త్రజ్ఞుడు, 1979లో ఆయనతో కలిసి థామస్ హాంక్స్ దీనికి మందు కనుగొన్నారు. నేల ఎంత వైశాల్యంలో పగిలింది, ఎంత దూరం జరిగింది, ఆ రాయి ఎంత గట్టిది, ఈ మూడింటినీ గుణించి పరిమాణం కట్టారు. దీనికి పైకప్పు లేదు. ఈ లెక్కన చూస్తే అంతకుముందు సుమారు ఎనిమిదిన్నర అనుకున్న 1960 నాటి చిలీ భూకంపం 9.5 అని తేలింది. ఇంతవరకు యంత్రాలు కొలిచినవాటిలో అదే పెద్దది. ఇప్పుడు వార్తలలో రిక్టర్ పేరు వినిపించినా, పెద్ద భూకంపాలకు కట్టేది ఈ కొత్త లెక్కయే.

ఆ ఆదివారం నాటి లెక్క

ఇప్పుడు 2004 సంగతికి వస్తాము. భూకంపం మొదలైన 15 నిమిషాలకు హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం వారు మొదటి ప్రకటన వెలువరించారు. అందులో పరిమాణం 8.0. గంటకు కొంచెం పైన అయిన తరువాత రెండవ ప్రకటనలో 8.5. మరికొన్ని గంటలకు పొడుగు తరంగాలతో లెక్క కట్టినవారు 9 దగ్గర అన్నారు. తరువాత 9.1 అని నిర్ణయించారు. 9.3 అన్నవారు కూడా ఉన్నారు.

8.0కు 9.1కు తేడా చూడడానికి ఒక్క అంకె. శక్తిలో సుమారు 45 రెట్లు. పగులు సుమత్రా దగ్గర మొదలై అండమాను దీవుల వరకు సుమారు 1300 కిలోమీటర్లు సాగింది. అది మన ద్వీపకల్పం పొడవుకన్న ఎక్కువ. అంత దూరం పగలడానికే ఎనిమిది పది నిమిషాలు పట్టింది. మొదటి అంకె కట్టేవారి చేతిలో ఉన్నవి తొలి నిమిషాల గీతలు మాత్రమే. వారు అబద్ధం చెప్పలేదు. వారి చేతిలోని థర్మామీటరు అంతవరకే చూపింది. పైగా పసిఫిక్ సముద్రానికి ఉన్నటువంటి హెచ్చరిక ఏర్పాటు ఆనాడు హిందూ మహాసముద్రానికి లేనేలేదు.

ఇక మా తప్పు. భూకంపం దూరమైతే ప్రమాదం కూడా దూరమే అని మేము అనుకున్నాము. నేల ఊపు విషయంలో అది కొంతవరకు నిజం. సముద్రం విషయంలో కాదు. సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4000 మీటర్ల లోతున అది గంటకు 700 కిలోమీటర్లకు పైగా, అంటే విమానమంత వేగంగా పోతుంది. 50 మీటర్ల లోతున గంటకు 80 కిలోమీటర్లే. రెండు వేల కిలోమీటర్ల దూరాన ఉన్న చెన్నై తీరానికి, మన పెద్దల ఆంధ్ర తీరానికి అది రెండున్నర గంటలలో చేరింది. ఆనాడు పౌర్ణమి. స్నానాలకు సముద్రంలో దిగినవారు కూడా కొట్టుకుపోయారు. ఆంధ్రలో వందమందికి పైగా చనిపోయారు. 530 కిలోమీటర్ల దూరంలో ఉన్న పినాంగ్‌కు మాత్రం, సుమత్రా కొనను చుట్టి, లోతులేని మలక్కా జలసంధిలో నిదానించి, నాలుగు గంటలకు వచ్చింది. నాలుగు గంటలు! బడిపిల్లలందరినీ నడిపించుకుని కొండ మీదికి పోవడానికి చాలినంత కాలం. అన్ని దేశాలలో కలిపి రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి.

యంత్రం, అవ్వ చెప్పిన మాట

ఆ తరువాత పరిస్థితి మారింది. 2007 అక్టోబరులో హైదరాబాదులో భారత సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రానికి ఎంతో దూరంగా, తెలుగు నేల నడుమ కూర్చుని వారు రాత్రింబవళ్ళు భూకంపలేఖినులను, సముద్రపు అడుగున నీటి బరువును కొలిచే యంత్రాలను చూస్తుంటారు. భారతదేశం, ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలు హిందూ మహాసముద్ర తీర దేశాలన్నిటికీ సమాచారం అందిస్తున్నాయి. మన దేశంలో వాతావరణ శాఖ వారు ఆ పని చూస్తున్నారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు నిమిషాలలోనే హెచ్చరికలు అందాయి. ఆనాడు నేల పైకి లేవక ప్రక్కకు జరగడం వల్ల పెద్ద సునామీ రాలేదు.

అయితే ఇంకొక సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేము. 2004 భూకంప కేంద్రానికి అతి దగ్గరగా సిమెలుయె అనే చిన్న దీవి ఉన్నది. అక్కడ సుమారు 78,000 మంది జనం. సునామీ వారిని నిమిషాలలోనే చేరింది. ఏ యంత్రమూ, ఏ రేడియో వారికి చెప్పలేదు. అయినా అక్కడ చనిపోయినవారు ఏడుగురే. కారణం, 1907లో ఆ దీవిని ఒక సునామీ ముంచింది. బ్రతికినవారు తమ భాషలో దానికి "స్మోంగ్" అని పేరు పెట్టి, పాటలుగా, జోలపాటలుగా పిల్లలకు నేర్పారు. నేల గట్టిగా అదిరి, సముద్రం వెనుకకు పోతే, ఏమీ తెచ్చుకోకుండా కొండ ఎక్కండి అన్నదే అందులోని మాట. 97 సంవత్సరాలు అవ్వలు మనుమలకు చెబుతూ వచ్చారు. ఆ ఉదయం ఎవరో "స్మోంగ్" అని అరవగానే ఊళ్ళకు ఊళ్ళు కొండ ఎక్కాయి.

మేము మూడవ తరం వారము. మా మామ్మ కథ మాకు అందింది. కాని భూమి అదిరితే ఏమి చేయాలో ఆ కథలో లేదు. ఆమెను తప్పు పట్టలేము. ఆమె పుట్టిన ఊరికి ఆ అవసరం రాలేదు. మన పిల్లలకు మాత్రం వచ్చింది. కనుక ఇప్పుడు మా సాయంకాలపు తరగతిలో ఆదిశేషుని కథ చెప్పిన తరువాత దానికి ఒక తోక తగిలిస్తున్నాము. ఆదిశేషుడు పడగ మార్చుకున్నప్పుడు, నువ్వు సముద్రం దగ్గర ఉంటే, నిలబడలేనంత గట్టిగా గాని, నిమిషం దాటి చాలాసేపు గాని నేల ఊగితే, అంకె ఎంతో అని వార్త కోసం కూర్చోవద్దు. సముద్రం వెనుకకు పోతే చేపలు ఏరడానికి దిగవద్దు. ఎత్తుకు నడువు. అధికారులు చెప్పేవరకు దిగిరాకు. మొదటి అల వెళ్ళిపోయినా రెండవది పెద్దది కావచ్చును. నేల మెల్లగా ఊగినా సరే, దూరాన సముద్రంలో పెద్ద భూకంపం వచ్చిందని వింటే, హెచ్చరిక లేదని తెలిసే వరకు తీరానికి పోవద్దు.

టెలిఫోను చేసిన ఆ తల్లికి మేము ఆనాడు ఇవ్వవలసిన జవాబు ఇది. ఆమె మనుమరాలు ఇప్పుడు మా తరగతిలోనే తెలుగు నేర్చుకుంటున్నది. మొన్న కథ పూర్తికాగానే చేయి ఎత్తి, "ఎత్తుకు నడువు, దిగిరాకు" అని తెలుగులోనే తప్పు లేకుండా చెప్పింది.